కాలిబంతి గురుకులములు – వాని ఆదాయ వ్యయములు



జపాను దేశమున బొమ్మలతో చెప్పు కథలను మాంగా లందురు. యూగో కొబయాషి రచించిన 'ఆవో ఆషి' యను మాంగా 2015లో ఒక వారపత్రికలో ఆరంభమై 2025లో ముగిసినది. నా మనుమడు దానిని చదివి అర్థము చెప్పగా వింటిని. ఆటయందు నాకంతగా అభిరుచి లేదు. కాని పెక్కేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను గనుక, అందలి విద్యాపద్ధతియు, దాని వెనుకనున్న లెక్కయు నా మనస్సు నాకర్షించినవి.

ఎహిమె ప్రాంతమున అషితో యను బాలుడు కలడు. గోలు వేయుటలో దిట్ట. తల్లి యొంటరిగా కష్టపడి పెంచినది. టోక్యోలోని యొక క్లబ్బువారి బాలుర జట్టు శిక్షకుడగు ఫుకుదా వానిని చూచి పరీక్షకు రమ్మనును. బాలుడు నెగ్గి, ఇల్లు విడిచి, వసతిగృహమున చేరును. కొంతకాలమునకు గురువు వానిని ముందు వరుస నుండి తప్పించి, వెనుక రక్షణకు నిలుపును. బాలుని గుండె పగులును.

ఇది క్రౌర్యమా? కాదు. ఆ బడి బాలుని ముచ్చట తీర్చుటకుగాని, బాలుర పందెములు గెలుచుటకు మాత్రమేగాని పెట్టినది కాదు. పెద్దల జట్టునకు పనికివచ్చు ఆటగాని తయారుచేయుటయే దాని ప్రయోజనము. ఏ స్థానమున నిలిచిన వాడు వృత్తి ఆటగాడు కాగలడో గురువు దానినే చూచును.

క్లబ్బునకు ఆటగాడు దొరకు దారులు రెండు: కొనుట, పెంచుట. పెంచుటకు మైదానము, శిక్షకులు, వసతి కావలెను. వ్యయము ఏటేట తప్పదు. ఫలము ఎన్నియో యేండ్లకుగాని రాదు. పైగా, 1995లో యూరోపు న్యాయస్థానము బోస్మన్ వ్యాజ్యమున, ఒప్పందము ముగిసిన ఆటగాడు యూరోపు సమాఖ్య దేశములలో వెల లేకయే మరియొక క్లబ్బునకు పోవచ్చునని తీర్పు చెప్పెను. చెట్టు నాటిన వానికి పండు దక్కదేమో యను భయము పుట్టెను.

అందుచే 2001లో ఫీఫా యను ప్రపంచ సంస్థ కొత్త నియమములు చేసెను. ఒప్పందము ముగియకముందే ఆటగాడు వేరు దేశపు క్లబ్బునకు అమ్ముడైనచో, వెలలో నూటికి 5 వంతులు వానిని పెంచిన క్లబ్బులకు పంచవలెను. ఆ మొత్తములో 12 మొదలు 15 ఏండ్ల ప్రాయము వరకు ఏటికి నూటికి 5, 16 మొదలు 23 వరకు ఏటికి నూటికి 10 చొప్పున లెక్క. వెల కోటి రూపాయలైనచో పంచునది 5 లక్షలు. మొదటి నాలుగేండ్లు పెంచిన చిన్న క్లబ్బునకు ఏటికి 25 వేలు, వెరసి లక్ష దక్కును.

ఇదికాక శిక్షణ పరిహార మనునది వేరొకటి కలదు. దానిని కట్టునప్పుడు ఒక బాలుని ఖర్చును మాత్రమే గణింపరు. ఒక వృత్తి ఆటగాడు తేలుటకు ఎందరు బాలురను పెంచవలసివచ్చునో ఆ నిష్పత్తితో హెచ్చవేయుదురు. అనగా, తేలని బాలురపై పెట్టిన ఖర్చు సైతము తేలినవాని లెక్కలో చేరును.

ఆర్యులారా, ఈ పంపకములన్నియు క్లబ్బుల నడుమనే జరుగును. తేలని బాలుని ఖర్చు క్లబ్బునకు మరల రావచ్చును. ఆ బాలుని ప్రాయము వానికి మరల రాదు. కనుక బిడ్డ నిట్టి బడికి పంపు పెద్దలు, 'మావాడు నెగ్గునా?' యని యడుగుటకు ముందు, 'నెగ్గనిచో వానికి చదువు మిగులునా?' యని యడుగవలెను. దానికి తిన్నని జవాబు చెప్పగల బడియే బడి.