మీటలు లేని ఫోను

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వేళ మీతో ఫోను గురించి నాలుగు మాటలు ముచ్చటించాలని వచ్చాను. "ఫోను గురించి మాకు కొత్తగా చెప్పేదేముందమ్మా, పొద్దున లేస్తే దాంతోనే కదా కాపురం!" అంటారేమో. నిజమే. పొయ్యి మీద పోపు మాడుతున్నా మన చెయ్యి దాన్ని వదలదు. అయితే ఒక్క మీటైనా లేని ఈ గాజు పలక ఎలా వచ్చింది, వచ్చిన కొత్తలో తెలిసినవాళ్ళు దాన్నెందుకు తప్పుపట్టారు, ఆ తప్పుల్లో నిలిచినవెన్ని, తేలిపోయినవెన్ని అన్నది మనలో చాలామందిమి ఆలోచించి ఉండం. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు బోధపడినంత వరకు, మన మాటల్లోనే చెబుతాను.

తెరను తాకితే పనిచేసే ఫోను 1994లోనే అమెరికాలో అమ్మారు. ఐబీఎం కంపెనీవారి 'సైమన్' అది. అరకిలో తూగేది. ఆరేడు నెలలకే దాని అమ్మకం ఆగిపోయింది. ఆ తరువాత వచ్చిన రకాలలో చాలావాటికి సన్నటి పుల్ల ఒకటి ఉండేది. పుల్లతో పొడిస్తే తెర పలికేది.

2007 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ 'ఐఫోన్' అనే దాన్ని లోకానికి చూపించారు. జూన్ 29 నుంచి అమెరికాలో అమ్మకానికి పెట్టారు. మూడున్నర అంగుళాల తెర, 135 గ్రాముల బరువు, తెర కింద ఒకే ఒక్క బటను. పుల్ల లేదు, అంకెల మీటలు లేవు. వేలితో జరిపితే పేజీ జరుగుతుంది. రెండు వేళ్ళు ఆనించి దూరం జరిపితే, జొన్నరొట్టె తట్టినకొద్దీ వెడల్పయినట్టు, ఫొటో పెద్దదవుతుంది. అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే తెర దానంతటదే ఆరిపోతుంది, చెంప తగిలి ఏదో నొక్కుకుపోకుండా.

ఇందులో కిటుకు ఏమిటంటారా? పాత తెరల్లో ఎక్కువభాగం రెండు పల్చటి పొరలు. నొక్కితే ఒకదానికొకటి తగిలేవి. గోరైనా, పుల్లైనా ఒకటే. ఈ కొత్త తెరలో గాజుకు అడుగున కంటికి కనిపించని, కరెంటు పారే సన్నటి పూత ఉంటుంది. మన ఒంట్లో కూడా కరెంటు పారుతుంది కదా. వేలు తగలగానే ఆ చోట విద్యుత్తు కొంచెం మారుతుంది. ఎక్కడ మారిందో ఫోను లెక్క కట్టుకుంటుంది. అందుకే గోటికొసతో గీకితే పలకదు. అంట్లు తోముతూ తడిచేత్తో ముట్టుకుంటే తికమకపడుతుంది, నీటిబొట్టును కూడా వేలే అనుకుంటుంది. ఫోను పాడైందని కంగారుపడకండి. చెయ్యి తుడుచుకుంటే చాలు.

ఇక విమర్శలు. ధర 499, 599 డాలర్లు. అంత పోసి ఎవరు కొంటారన్నారు. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ అయితే టీవీలో నవ్వేశారు. కీబోర్డు లేని ఫోను ఉద్యోగస్థులకు ఉత్తరాలు రాసుకోవడానికి పనికి రాదని ఆయన వాదన. బ్యాటరీ మనం తీసి మార్చుకునే వీలు లేదన్నారు. ఇంటర్నెట్టు నత్తనడక నడుస్తోందన్నారు. కెమెరా ఉంది గాని వీడియో తీయదు. ఫొటోను మెసేజీలో పంపలేం. ఒకచోట రాసింది కాపీ చేసి మరోచోట పెట్టుకునే వీలు కూడా లేదు. ఇవన్నీ ఉన్నమాటలే. అయినా 74 రోజుల్లో పది లక్షల ఫోన్లు అమ్ముడయ్యాయి. టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణ అంది. ఇదిలా ఉండగా, సెప్టెంబరులోనే కంపెనీ ఒక్కసారిగా 200 డాలర్లు తగ్గించేసరికి ముందు కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. కంపెనీ క్షమాపణ చెప్పుకొని, తలా 100 డాలర్ల సరుకు కొనుక్కునే వీలు కల్పించవలసి వచ్చింది. ఆషాఢం తగ్గింపుకు వారం ముందు చీర కొన్న బాధ మనకు తెలియనిదా!

మన దేశానికి రెండో రకం, ఐఫోన్ 3జీ, 2008 ఆగస్టు 22న వచ్చింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ కంపెనీలు అమ్మాయి. ధర 31,000 రూపాయలు, పెద్దదైతే 36,100. ఆనాడు ఆ డబ్బుతో రెండు తులాల బంగారం కొన్నా ఇంకా మిగిలేది. అమెరికాలో రెండేళ్ళ ఒప్పందం మీద 199 డాలర్లకే ఇస్తూ ఇక్కడ ఇంత ఏమిటని అందరూ అడిగారు. పైగా పేరులో 3జీ ఉంది గాని, ఆనాటికి మన దేశంలో 3జీ సేవలే మొదలుకాలేదు. నీళ్ళు రాని వీధిలో కుళాయి బిగించినట్టు! అనంతపురం జిల్లా ఆడవాళ్ళకు ఈ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ విమర్శల్లో చాలాభాగం రెండేళ్ళకే తీరిపోయాయి. 2009లో కాపీ చేసుకునే వీలు వచ్చింది, ఫొటో మెసేజీలు వచ్చాయి, ఆ ఏటి కొత్త ఫోనులో వీడియో వచ్చింది. బ్యాటరీ మాట మాత్రం నిలిచింది. ఇవాళ దాదాపు అన్ని ఫోన్లూ అంతే.

అయితే నేను చెప్పదలచుకున్నది మీటల మాట. మీటలు లేకపోవడమే పెద్ద లోపమన్నారు కదా. ఒక్కసారి ఆలోచించండి. మీటల ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు ఫ్యాక్టరీలోనే అచ్చయి వచ్చేవి. వాటిని మనం మార్చలేం. గాజు మీద ఏ అక్షరమూ లేదు. కాబట్టి ఏ అక్షరమైనా అక్కడికి రావచ్చు. మొదట్లో అందులోనూ తెలుగు కీబోర్డు లేదు. ఆ లోటును గొప్ప విమర్శకులెవరూ పెద్దగా పట్టించుకోలేదు. చాలా ఏళ్ళకు వచ్చింది. వచ్చాక కూడా 2018 ఫిబ్రవరిలో ఓ తమాషా జరిగింది. 'జ్ఞా' అనే మన అక్షరం ఒక రకంగా కూర్చిన మెసేజీ వస్తే చాలు, ఐఫోన్లో ఆ మెసేజీ చూపించే అప్లికేషను కుప్పకూలేది. కంపెనీ కొద్ది రోజుల్లో సరిదిద్దింది. 'జ్ఞానం'లోని మొదటి అక్షరమే అంత తెలివైన ఫోనుకు కొరుకుడు పడలేదు చూడండి.

తెలుగు అక్షరం రావడంలో ఏముందో మా ఇంట్లోనే చూశాను. మాది గార్లదిన్నె. మా ఆడబిడ్డ బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. పాత మీటల ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసి పంపేది. మా అత్తగారు ఐదో తరగతి దాకా చదివారు. తెలుగు వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. అందుకని నేనే చదివి వినిపించేదాన్ని. ఎప్పుడూ ఒకటే మాట, "బాగున్నాను, దిగులు పడొద్దు."

కొన్నేళ్ళ కిందట మావారు ఆమెకు గాజు తెర ఫోను కొనిచ్చారు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. "ఇదేందమ్మా, ఒక్క గుండీ గూడా లేదే! యాడ నొక్కాల?" అన్నారు. శెనక్కాయలు ఒలిచి ఒలిచి కాయలు కాసిన వేళ్ళు. కొసతో తాకితే తెర పలకలేదు. వేలి మెత్తన ఆనించడం అలవాటు చేశాను. ఆడబిడ్డకు ఫోను చేసి, తెలుగు అక్షరాలు పెట్టుకొమ్మని చెప్పాను.

ఒకనాటి సాయంత్రం అత్తగారు గడప మీద కూర్చొని, పెదవులు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదువుకున్నారు. నన్ను పిలవలేదు. చదవడం అయ్యాక తెరను కొంగుతో తుడిచి, ఫోను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు అలాగే ఉండిపోయారు. తెల్లవారుజామున బస్సెక్కి బెంగుళూరు వెళ్ళారు. నాలుగో రోజున కూతుర్నీ మనవణ్ణీ వెంటబెట్టుకొని వచ్చారు. ఏం రాసిందో నేను అడగలేదు. వదిన చదువుతుందని తెలిసి తల్లికి ఏ కూతురు కష్టం రాసుకుంటుంది? ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య నేను అడ్డంగా కూర్చున్నానన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

కాబట్టి సోదరీమణులారా, మీ అమ్మగారి ఫోనో అత్తగారి ఫోనో ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. సెట్టింగుల్లో కీబోర్డు భాషలు అని ఉంటుంది, అక్కడ తెలుగు చేర్చండి. అక్షరాల సైజు పెంచండి. నాలుగు రోజులు పక్కన కూర్చొని నేర్పండి. నేర్పిన తర్వాత పక్కనుంచి లేచి రండి. వాళ్ళ ఉత్తరం వాళ్ళనే చదువుకోనివ్వండి.

సెలవు.