అంగస్తంభన లోపం: దాచుకొనే అవమానం కాదు, దేహం చేసే హెచ్చరిక

నలభై ఏళ్లు దాటిన పురుషుడు దేహంలో వచ్చే మార్పులను చాలావరకు ఇంట్లో చెప్పుకుంటాడు. మోకాళ్ల నొప్పి అంటాడు, చూపు మందగించింది అంటాడు, షుగర్ వచ్చిందని కూడా చెబుతాడు. అంగస్తంభన తగ్గిన సంగతి మాత్రం కట్టుకున్న భార్యకు సైతం చెప్పడు. భర్త మనసు తనపై విరిగిందని ఆమె బాధపడుతుంది. మగతనం పోయిందని అతడు కుమిలిపోతాడు. ఇద్దరి మౌనం నడుమ అసలు వ్యాధి పెరుగుతూ ఉంటుంది. ఈ లోపం చాలామందిలో రక్తనాళాల వ్యాధికి తొలి గుర్తు. అందుచేత దీనిని గురించి భార్యాభర్తలు ఇరువురూ తెలుసుకోవడం మేలు.

స్తంభన ఎట్లా కలుగుతుంది?

కోరిక కలిగినప్పుడు మెదడు నుండి వెన్నుపాము మీదుగా నరాలకు సంకేతం అందుతుంది. అప్పుడు నరాల చివరల నుండి, రక్తనాళాల లోపొర నుండి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాని ప్రభావం వల్ల అంగంలోని రక్తనాళాలు సడలి, స్పాంజి వంటి భాగంలో రక్తం నిండుతుంది. నిండిన రక్తం వెనుకకు పోకుండా సిరలు నొక్కుకొని ఉంటాయి. రక్తప్రసరణలో ఈ వాయువు పాత్రను వెల్లడించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

చెరువులో నీరు ఉన్నా, తూము తెరుచుకోకపోతే పొలం తడవదు. తూము తెరిచినా కాలువ పూడిపోయి ఉంటే నీరు పారదు. స్తంభన కూడా అటువంటిదే. మనసు, నరాలు, రక్తనాళాలు, హార్మోనులు అన్నీ సక్రమంగా ఉంటేనే అది సాధ్యం.

గుండెకు ముందే గుర్తు

అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు. గుండె ధమనుల వెడల్పు 3 నుండి 4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకొని నాళాలు ఇరుకవుతున్నప్పుడు సన్నని నాళమే ముందు మూసుకుపోవడం సహజం. కాబట్టి గుండె నొప్పి కనబడడానికి కొన్ని సంవత్సరాల ముందే కొందరిలో స్తంభన లోపం బయటపడుతుంది. ఆనాడే పరీక్షలు చేయించుకుంటే గుండెపోటును నివారించే అవకాశం దక్కుతుంది.

షుగర్ వ్యాధి నరాలనూ, నాళాలనూ రెండింటినీ దెబ్బతీస్తుంది. అధిక రక్తపోటు, బీడీ, సిగరెట్టు, మితిమీరిన మద్యం, పెరిగిన పొట్ట, దిగులు ఇతర కారణాలు. కొన్ని బి.పి. మందుల వల్ల, మానసిక వ్యాధుల మందుల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. అయినా వాటిని సొంతంగా మానివేయరాదు. వైద్యునికి చెబితే మందు మార్చి ఇస్తారు.

ఇది అరుదైన వ్యాధి కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుండి 70 ఏళ్ల పురుషులు 1,290 మందిని పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 52 శాతం మందికి ఎంతో కొంత స్తంభన లోపం ఉన్నట్లు తేలింది.

మనసు వల్లనా, దేహం వల్లనా?

అలసటతోనో, చింతతోనో ఒకటి రెండు సార్లు విఫలమైతే అది వ్యాధి కాదు. సమస్య హఠాత్తుగా మొదలై, తెల్లవారుజామున స్తంభన మామూలుగానే వస్తుంటే కారణం ఎక్కువగా మనసులో ఉంటుంది. నెలల తరబడి క్రమంగా తగ్గుతూ, తెల్లవారుజామున కూడా రాకపోతే దేహాన్ని అనుమానించాలి. మూడు నెలలు ఇట్లాగే ఉంటే వైద్యుని చూడడం తప్పనిసరి.

సంతలో చూర్ణాలు, గోడల మీద రాతలు

వీర్యం పోతే బలం పోతుందనే భయం మీద ఎందరో వ్యాపారం చేస్తున్నారు. వీర్యం రక్తం నుండి పిండి తీసినది కాదు. అది గ్రంథులలో నిత్యం తయారయ్యే ద్రవం. లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మూలికల చూర్ణం పేరిట అమ్మే కొన్ని మందులలో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును రహస్యంగా కలిపిన సంఘటనలు పలు దేశాలలో పట్టుబడ్డాయి.

సిల్డెనాఫిల్‌నే వయాగ్రా పేరుతో 1998లో అమెరికా అనుమతించింది. మొదట గుండె నొప్పి కోసం పరీక్షించిన మందు ఇది. తగినవారికి బాగా పనిచేస్తుంది. అయితే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు దీనిని వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఏ మందు కలిసిందో తెలియని చూర్ణంలోని ప్రమాదం ఇదే. మందు వాడిన తరువాత స్తంభన నాలుగు గంటలకు మించి నిలిచి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యుని వద్ద భాష ఇబ్బంది

సరిహద్దు గ్రామాలలో మరొక చిక్కు ఉంది. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ సరిగా రాని పెద్దలు చదువుకున్న కొడుకునో, పొరుగు పిల్లవానినో దుబాసీగా తీసుకుపోతారు. ఈ మాట వారి ఎదుట ఎట్లా చెప్పగలరు? జ్వరమని చెప్పి మాత్రలతో తిరిగివస్తారు. అటువంటివారు ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు: “మీతో ఏకాంతంగా మాట్లాడాలి.” కన్నడంలో “నిమ్మ హత్తిర ఒంటియాగి మాతాడబేకు”, తమిళంలో “ఉంగళ్‌కిట్ట తనియా పేసణుం”, ఒడియాలో “ఆపణంక సహ ఏకాంతరే కథా హెబార అఛి”, మరాఠీలో “తుమ్‌చ్యాశీ ఏకాంతాత్ బోలాయ్‌చం ఆహే”. సమస్య ఎన్నాళ్లుగా ఉన్నదీ, షుగర్, బి.పి. ఉన్నవో లేవో చీటీ మీద రాయించుకొని, వాడే మందుల పట్టీలు చేతికిస్తే సగం మాటలు తగ్గుతాయి. భార్య వెంట వెళ్లడం అన్నింటికన్నా ఉత్తమం.

వైద్యుడు మొదట బి.పి., షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. అవసరమైతే గుండె పరీక్ష, ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తారు. పొగ మానడం, రోజూ నడవడం, బరువు తగ్గించడం, షుగర్‌ను అదుపులో ఉంచడం వంటి మార్పులతోనే కొందరికి గుణం కనిపిస్తుంది.

వ్యాధికి మందు గానీ విధికి మందా అని పెద్దలు అంటారు. స్తంభన లోపాన్ని వయసు తెచ్చిన విధిగా భావించి ఊరుకొన్నవారు ఎందరో ఉన్నారు. అది వ్యాధి మాత్రమే. దానికి మందు ఉంది, ముందుగా చెప్పుకుంటే గుండెకు రక్షణ కూడా ఉంది.