గట్టు మీది పైలట్లు

“ఇది మందు కొట్టేదా అబ్బాయ్?”

కంకిపాడు, ఉయ్యూరు వైపు ఏ పంట కాలువ గట్టు మీదైనా డ్రోన్ కింద పెట్టి దాని రెక్కలైన ప్రాప్‌లు బిగిస్తుంటే, ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు బండి ఆపి అడిగే మాట ఇది. “కాదు బాబాయ్, వీడియో తీసేది” అంటే మొహంలో ఆసక్తి సగానికి సగం పడిపోతుంది. పిచికారీ డ్రోన్లు పొలాల్లోకి వచ్చాక డెల్టా రైతు లెక్కలో డ్రోన్ అంటే కింద ట్యాంకు ఉండాల్సిందే. అదే కృష్ణ దాటి తుళ్లూరు, మందడం వైపు వెళితే ప్రశ్న మారుతుంది: “ఏం కొలుస్తున్నారు?” రాజధాని కోసం ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఇచ్చిన ఊళ్లు అవి. ఇటు జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలై, డ్రోన్లతో కొలతలు ఊరూరా సాగాయి. నెత్తి మీద బుయ్‌మని చప్పుడు వినబడగానే పాసుపుస్తకం గుర్తుకు రావడంలో వింతేముంది?

మందు, కొలత, పెళ్లి వీడియో. జనం ఎరిగిన డ్రోన్ పనులు ఈ మూడే. విడిభాగాలు తెప్పించుకుని, ఇంట్లో బల్ల మీద తానే బిగించుకుని, ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి తీసుకెళ్లి, పై నుంచి నాలుగు షాట్లు తీసుకుని సంబరపడేవాడు ఈ మూడింట్లోనూ ఇమడడు. వాడికి జీతం రాదు, సబ్సిడీ లేదు, అడ్వాన్సు ఇచ్చే పెళ్లివారూ లేరు. ఈ కథనం వాడి గురించే.

హెలీకామ్ నాటి నుంచి

పదేళ్ల కిందటి పెళ్లి వీడియో కొటేషన్లలో జిమ్మీ జిబ్ కింద వరుసలో ‘హెలీకామ్’ అని ఉండేది. కల్యాణ మండపం మీద అది లేస్తే పురోహితుడు కూడా తలెత్తి చూసేవాడు. అప్పటికి పెట్టె విప్పి నేరుగా ఎగరేసుకునే డ్రోన్లు కొత్తగా వస్తున్నాయి. చైనా కంపెనీ డీజేఐ తన ఫాంటమ్‌ని 2013 జనవరిలో విడుదల చేసింది. అంతకుముందు ఎగిరినవన్నీ దాదాపుగా చేతితో కట్టినవే. 2010లో అలెగ్జాండర్ డ్యుబస్ అనే ఫ్రాన్స్ దేశస్థుడు నింటెండో వీడియో గేమ్ రిమోట్‌కి తగిలించే గైరో సెన్సర్‌ని తీసి, ఆర్డ్యునో బోర్డుకు కలిపి, నాలుగు మోటార్లని నిలకడగా తిప్పే ప్రోగ్రాం రాశాడు. దానికి మల్టీవీ అని పేరు పెట్టి ఉచితంగా వదిలాడు. ఇవాళ దాని నుంచి పుట్టిన బీటాఫ్లైట్ వేసుకుని ఎగరేస్తున్న ప్రతి కుర్రాడూ ఆ వంశంలోని వాడే.

మన దగ్గర చట్టం మాత్రం మొదట తలుపు వేసింది. పౌరులెవరూ డ్రోన్లు ఎగరేయకూడదని 2014 అక్టోబరు 7న పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రకటన ఇచ్చింది. పెళ్లిళ్లు ఆగాయా, హెలీకామ్‌లు ఆగాయా? 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాల్లో ఘాట్ల మీద జనాన్ని కనిపెట్టడానికి ప్రభుత్వమే డ్రోన్లు వాడింది. 2018 డిసెంబరులో కొన్ని నిబంధనలు అమల్లోకి వచ్చాయి గానీ, వాటి ప్రకారం అనుమతి తెచ్చుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. ఊపిరి ఆడింది 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్‌తోనే.

ఆ తర్వాత ఆరు నెలలు తిరగకముందే, 2022 ఫిబ్రవరి 9న, కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైనవే కాదు, విడగొట్టి కిట్‌లా తెచ్చేవీ కుదరవు. విడిభాగాల మీద మాత్రం నిషేధం లేదు. స్వదేశీ పరిశ్రమ కోసం తీసుకున్న ఆ నిర్ణయం హాబీవాళ్లకి అనుకోని మేలు చేసింది. కొనడానికి దారి ఇరుకైంది, కట్టుకోవడానికి దారి తెరిచే ఉంది.

బల్ల మీద

ఉన్నమాట చెప్పుకోవాలి. 249 గ్రాముల ఫ్యాక్టరీ డ్రోన్ తీసే వీడియో ముందు ఇంట్లో కట్టిన డ్రోన్ తీసే వీడియో తేలిపోతుంది. ఖర్చూ పెద్దగా కలిసిరాదు. మరి ఎందుకు కట్టడం అంటే, కొన్నవాడికి డ్రోన్ ఎందుకు పడిందో తెలియదు, కట్టినవాడికి తెలుస్తుంది. ఈ ఒక్క తేడా చాలా దూరం తీసుకెళుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది ఎఫ్450 అనే ఫ్రేముతో. మూల నుంచి మూలకి 450 మిల్లీమీటర్లు. చేతులు రెండు ఎర్రవి, రెండు తెల్లవి ఉంటాయి. అది అందానికి కాదు, గాల్లో ముందేదో వెనకేదో తెలియడానికి. వాటి మీద నాలుగు 2212 మోటార్లు, 920 కేవీ. ఒక్క వోల్టుకి నిమిషానికి 920 చుట్లు అని దాని అర్థం. మూడు సెల్స్ లిథియం పాలిమర్ (లిపో) బ్యాటరీ ఇచ్చే 11.1 వోల్టులకి ప్రాప్ లేకుండా పది వేల చుట్లు దాటుతుంది. సరైన ప్రాప్ వేస్తే ఒక్కో మోటారు సుమారు 800 గ్రాముల బరువు లేపుతుంది, నాలుగూ కలిపి మూడు కిలోల పైన. మొత్తం డ్రోన్ బరువు అందులో సగానికి మించకుండా చూసుకోవాలి. కెమెరా, దాన్ని నిలకడగా పట్టే గింబల్, ఇంకాస్త పెద్ద బ్యాటరీ అని ఆశపడి బరువు పెంచినకొద్దీ గాలి కొడితే నిలదొక్కుకునే శక్తి తగ్గిపోతుంది. పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువసేపు ఎగురుతుందనుకోవడం మొదటి భ్రమ. ఒక హద్దు దాటాక బ్యాటరీ తన బరువు మోయడానికే తన కరెంటు తగలేస్తుంది.

ఎదురెదురు మూలల్లోని మోటార్లు ఒకే దిక్కుకి తిరగాలి, పక్కపక్కవి వ్యతిరేక దిక్కులకి. అన్నీ ఒకవైపే తిరిగితే డ్రోన్ లేవగానే గిర్రున బొంగరమైపోతుంది. ఏదైనా తప్పు దిక్కుకి తిరుగుతుంటే దాని మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చి సోల్డర్ చేస్తే చాలు. ఈ పరీక్షలన్నీ ప్రాప్‌లు ఊడదీసే చేయాలి. బల్ల మీద ప్రాప్‌లతో మోటార్లు ఆన్ చేసినవాళ్ల వేళ్ల మీద కుట్లు ఉంటాయి.

అసలు పనితనం కనిపించేది ప్రాప్ బ్యాలెన్సింగ్‌లో. ప్రాప్‌ని సన్నటి ఇరుసు మీద అడ్డంగా నిలబెడితే బరువున్న రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. తేలిక రెక్క వెనక చిన్న సెల్లోటేపు ముక్క అంటించాలి. మళ్లీ నిలబెట్టాలి. ఇప్పుడు అటు దిగితే గోటితో టేపు అంచు కొద్దిగా చించాలి. ఎలా వదిలితే అలా ఆగిపోయేదాకా ఇదే పని. ఈ ఓపిక లేకపోతే మోటారు వణుకు ఫ్రేములోంచి కెమెరాకి ఎక్కి, వీడియోలో ప్రకాశం బ్యారేజీ గేట్లు జెల్లీలా వణుకుతాయి. దీన్నే జెల్లో అంటారు. ఇప్పుడు గైరో లెక్కలతో వీడియోని తర్వాత సరిచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అయినా బల్ల మీద పోయే రోగాన్ని కంప్యూటర్ దాకా మోసుకెళ్లడం దేనికి?

బ్యాటరీ సంగతి బెజవాడ వాళ్లకి విడిగా చెప్పాలి. లిపో సెల్ నిండా ఛార్జ్ చేస్తే 4.2 వోల్టులు. దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండుగా ఛార్జ్ చేసి, మే నెల ఎండలో కారులో వదిలేసి, భోజనానికి వెళ్లి వచ్చేసరికి అది పూరీలా పొంగుతుంది. పొంగినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు.

డెల్టా గాలి, డెల్టా నీళ్లు

ఇక్కడ ఎగరేయడానికి మంచి సమయం పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వచ్చే గాలి నాగాయలంక, అవనిగడ్డల్లో బలంగా ఉంటుంది. వెళ్లేటప్పుడు వాలుగాలికి హాయిగా పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలికి బ్యాటరీ చాలక కాలువలో దిగిన డ్రోన్ల కథలు ఈ సరదా ఉన్న ప్రతివాడి దగ్గరా ఉంటాయి. అందుకే పాతకాపులు ముందు గాలికి ఎదురు పంపుతారు, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర షాట్లు అద్భుతంగా వస్తాయి, కానీ ఉప్పుగాలి మోటారు బేరింగులని తినేస్తుంది.

నీళ్లు ఇంకో మాయ. కింద నేలని చూసి నిలకడ తెచ్చుకునే సెన్సర్లు కదిలే నీటి మీద తికమకపడతాయి. బ్యారేజీ, రైలు వంతెనల ఉక్కు దగ్గర కంపాస్ దారి తప్పుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లకి వేసిన కరెంటు తీగలు కెమెరా స్క్రీన్‌లో కనబడవు, తగిలాకే తెలుస్తాయి. గద్దలు గూళ్లు పెట్టే కాలంలో పైకి లేచిన ప్రతిదాన్నీ శత్రువనుకుంటాయి. సంక్రాంతికి మాంజా దారం సరేసరి. కొల్లేరు జోలికి వెళ్లొద్దు. అది వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల కూడా. కొంగల గుంపు మీదికి డ్రోన్ పంపి తీసిన షాట్ ఎంత బాగున్నా అది దౌర్జన్యమే.

ఇన్ని జాగ్రత్తలు పడి పైకి పంపితే డెల్టా ఏం చూపిస్తుంది? అందరూ తీసేది ఒకటే, ఊడ్పుల ముందు నీళ్లు నిలిచిన మళ్లలో మబ్బులు. లేదంటే కాబోయే దంపతులు గడ్డిలో వెల్లకిలా పడుకుంటే నెత్తి మీంచి లేచే టాప్ షాట్. చూసి చూసి విసుగొచ్చింది. నాకు నచ్చేది వేరు. వంద అడుగుల ఎత్తు నుంచి చూస్తే డెల్టాలో పంట కాలువ మెరక మీద నడుస్తుందనీ, మురుగు కాలువ పల్లంలో పాకుతుందనీ తెలుస్తుంది. నేల మీద నిలబడితే రెండూ ఒకేలాంటి కాలువలు. ఏ ఊరు ఏ నీటి దారిలో కూర్చుందో పై నుంచి ఒక్క షాట్‌లో అర్థమైపోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో అది అందరికీ అర్థమైంది. వెలగలేరు నుంచి కృష్ణలోకి బుడమేరు నీళ్లు మళ్లించే కాలువకి గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వెళ్లింది. పడవలు వెళ్లలేని సందుల్లోకి డ్రోన్లు అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు మోశాయి. మేడ మీద నిలబడిన కుటుంబానికి తీగల మధ్య నుంచి పొట్లం దించడం సామాన్యమైన పైలటింగ్ కాదు. ఆ తర్వాత ఏడు వారాలకి, అక్టోబరు 22 రాత్రి, పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు కట్టి ఐదు గిన్నిస్ రికార్డులు తెచ్చాయి. మంగళగిరిలో జరిగిన డ్రోన్ సమ్మిట్‌లో భాగం అది. నది ఒడ్డున జనం కేరింతలు కొట్టారు, కొట్టాల్సిందే. కానీ ఆ 5,500 డ్రోన్లని నడిపింది ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. సింగ్‌నగర్‌లో రిమోట్ పట్టుకున్న చేతుల పని నా దృష్టిలో దానికంటే పెద్దది.

ఎక్కడ ఎగరేయాలి?

రూల్స్ పెద్ద కష్టం కాదు. 250 గ్రాముల లోపు నానో, రెండు కిలోల లోపు మైక్రో. డబ్బు తీసుకోకుండా సరదాకి ఎగరేస్తే ఈ రెండింటికీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. చదువు, ప్రయోగం, వినోదం కోసం కట్టి, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు వాటిని చట్టం ‘మోడల్’ అంటుంది. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇంట్లో కట్టిన డ్రోన్‌కి చట్టం ఇచ్చిన చోటు ఇదే, చాలామందికి ఈ సంగతి తెలియదు. రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం తీసుకోవాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. గన్నవరం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లకీ 12 కిలోమీటర్లకీ మధ్య అయితే 200 అడుగులే, అంతకు దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. ప్రముఖులు వచ్చిన రోజున పోలీసులు నో ఫ్లై జోన్ పెడతారు, ఆ రోజు బ్యాగు ఇంట్లోనే ఉంచాలి. పెళ్లికి డబ్బు తీసుకుని నానో కంటే పెద్ద డ్రోన్‌తో తీసేవాళ్లకి సర్టిఫికెట్ తప్పదు. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే శిక్షణ తీసుకోవచ్చు.

రూల్స్ కంటే పెద్ద చిక్కు అనుమానం. 2019 ఆగస్టు వరదల్లో ఉండవల్లి కరకట్ట మీద అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడి ఇంటి పైన డ్రోన్ తిరిగినందుకు రాష్ట్రమంతా దుమారం రేగింది. వరద అంచనాకే అని ప్రభుత్వం అంది, భద్రతకి ముప్పు అని తెలుగుదేశం అంది. నాయకుల సంగతి అలా ఉంచితే, మేడ మీద వడియాలు పెట్టుకుంటున్న ఆవిడకి మాత్రం తన ఇంటి మీద కెమెరా వద్దనే హక్కు ఉండదా? ఎవరి ఇంటి మీదికీ కెమెరా తిప్పకపోవడం రూల్‌లో ఉందా లేదా అని వెతకాల్సిన పని లేదు. గట్టు మీద దిగగానే దగ్గర్లో ఉన్నవాళ్లకి చెప్పి, స్క్రీన్ చూపిస్తే సగం గొడవలు పుట్టవు. పిల్లలు ఎలాగూ చుట్టూ మూగుతారు, వాళ్లని ప్రాప్‌ల నుంచి పది అడుగులు దూరంగా ఉంచడమే అసలు పని.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ తలపెట్టారు. మంచిదే. అయితే ఫ్యాక్టరీలకి కావాల్సిన మెకానిక్కులు, పైలట్లు ముందు ఇలాంటి బల్లల మీదే తయారవుతారు. వాళ్లు నేర్చుకునేది ఎవరి పొలంలోనో, ఎవరి అనుమానం మధ్యో కాకూడదు. ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల కలెక్టర్లకి ఒక విన్నపం. తీగలు, ఇళ్లు లేని నాలుగైదు ఎకరాల ప్రభుత్వ స్థలం గ్రీన్ జోన్‌లో చూసి, ఆదివారం పొద్దున రెండు గంటలు హాబీ ఫ్లయర్లకి వదలండి. ఏ ఊరు ఏ జోన్‌లోకి వస్తుందో తెలుగులో అచ్చువేసి మండల ఆఫీసులో అంటించండి. ఊరి బయట మైదానాలున్న ఇంజనీరింగ్ కాలేజీలు ఆ ఉత్తర్వుల కోసం ఆగకుండా తమ గేట్లు తెరిస్తే ఇంకా మంచిది.