మీటర్ తక్కువ, వయసు ఎక్కువ

డాలస్‌లో ఉండే మా అన్నయ్య మొన్న 2016 మోడల్ మాజ్డా మియాటా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తిరిగింది 14,000 మైళ్లే. "కొత్త కారు లెక్కే రా, సర్వీసింగ్ దేనికి?" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. చదివాక తెలిసింది, కారుకి రెండు లెక్కలుంటాయని: ఒకటి మీటర్‌ది, ఇంకోటి క్యాలెండర్‌ది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీళ్లు చేరేకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. గట్టిగా బ్రేకులు వాడితే లోపల ఆవిరి బుడగలు వచ్చి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే మామూలుగా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఇంజిన్ ఆయిల్ అయితే బండి తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. కూలెంట్, బ్యాటరీ, బెల్టుల వయసూ చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు టైర్లు. టైర్ పక్కన ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది ఎప్పుడు తయారైందో చెప్తాయి. 1516 అంటే 2016లో 15వ వారం. అన్నయ్య వీడియో కాల్‌లో చూపిస్తే సరిగ్గా అదే నంబర్! గ్రిప్పు అరగలేదు, కానీ రబ్బరు మీద సన్నటి పగుళ్లు. ఆ శనివారం వదినతో ఆస్టిన్ వెళ్దామనుకున్నాడు. ప్రయాణం ఆపి నాలుగు టైర్లూ మార్పించాడు.

మన హాస్టల్ ముందున్న సెకండ్ హ్యాండ్ బైకుల టైర్లకీ ఆ నాలుగు అంకెలుంటాయి. ఈ సాయంత్రం ఓసారి వంగి చదవండి.