కాలేయం మీదుగా వెళ్లిన మాత్ర

రక్తం నాళాల్లో నిరంతరం పారుతూనే ఉండాలి, నాళం తెగిన చోట మాత్రం నిమిషాల్లో గట్టిపడాలి. ఒకదానికొకటి ఎదురు నిలిచే ఈ రెండు అవసరాలను తీర్చుకోవడానికి శరీరం గడ్డను కట్టే ఏర్పాటునూ, కట్టిన గడ్డను కరిగించే ఏర్పాటునూ పక్కపక్కనే నడుపుకొస్తుంది. ప్లాస్మాలో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను త్రాంబిన్ అనే ఎంజైము ఫైబ్రిన్ పోగులుగా మార్చగా, ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ తయారవుతుంది. గాయం మానుతున్న కొద్దీ ప్లాస్మిన్ అనే మరో ఎంజైము ఆ పోగులనే తుంచివేస్తుంది. త్రాంబిన్‌ను అదుపులో ఉంచడానికి యాంటీత్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ ఉన్నట్లే, ప్లాస్మిన్ అతిగా పుట్టకుండా చూడడానికి పీఏఐ-1 అనే నిరోధకం ఉంది. ఈ ప్రొటీన్లలో అధికభాగం తయారయ్యేది కాలేయంలోనే.

స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్‌తో సహా స్టెరాయిడ్ హార్మోన్లన్నీ కొలెస్ట్రాల్ నుంచి పుట్టినవి, కొవ్వులో కరిగేవి కనుక కణపు పొరను సులువుగా దాటి లోపలి గ్రాహకాలను పట్టుకుని, ఏ ప్రొటీన్‌ను ఎంత తయారు చేయాలో నిర్ణయించే జన్యువుల పనిని మార్చివేస్తాయి. కాబట్టి గడ్డకట్టడంపై ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని రక్తంలో కన్నా ముందు, ఆ ప్రొటీన్లు తయారయ్యే కాలేయంలో వెతకాలి.

ఈస్ట్రోజెన్‌కూ రక్తపు గడ్డలకూ సంబంధం ఉందన్న సంగతి వైద్యలోకానికి తెలిసివచ్చింది గర్భనిరోధక మాత్ర వల్లనే. అమెరికాలో 1957లో నెలసరి ఇబ్బందులకూ, 1960లో గర్భనిరోధానికీ అనుమతి పొందిన ఎనోవిడ్ తొలి మాత్రలో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేది. గర్భాశయపు లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌కు అదే మందు వాడుతున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడిందని ఇంగ్లండ్‌లోని సఫొక్ వైద్యుడు డబ్ల్యూ.ఎం. జోర్డాన్ 1961లో లాన్సెట్ పత్రికకు రాశారు. అటు తర్వాత మోతాదు తగ్గుతూ వచ్చి, మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలో ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు మాత్రమే మిగిలింది. ప్రమాదం తగ్గిందే గాని పూర్తిగా పోలేదు. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో వేసిన లెక్క ప్రకారం మాత్ర వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇద్దరికి సిరల్లో గడ్డ కడితే, మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్‌తో పాటు ఉన్న లెవొనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ హార్మోను కలిసిన మాత్రలు వాడేవారిలో 5 నుంచి 7 మందికీ, డెసొజెస్ట్రెల్ అనే మరో ప్రొజెస్టిన్ కలిసినవి వాడేవారిలో 9 నుంచి 12 మందికీ కడుతుంది. గర్భిణులకూ బాలింతలకూ ఉండే ప్రమాదం వీటన్నిటికన్నా ఎక్కువని కూడా చెప్పకపోతే ఈ అంకెలు అనవసరంగా భయపెడతాయి.

ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకున్నప్పుడు ఫైబ్రినోజెన్, ఏడవ, పదవ గడ్డకట్టే కారకాలు పెరుగుతాయి, యాంటీత్రాంబిన్, ప్రొటీన్ ఎస్ తగ్గుతాయి. విచిత్రమేమిటంటే అదే మాత్రతో పీఏఐ-1 కూడా తగ్గుతుంది. అంటే కరిగించే పక్షానికీ బలం వస్తుంది. పరీక్షనాళికలో ఈ రెండో మార్పును మాత్రమే చూసినవారికి ఈస్ట్రోజెన్ రక్షణకవచంలా కనిపించడంలో తప్పులేదు. అయితే గడ్డను కరగనివ్వని టీఏఎఫ్ఐ అనే మరో ప్రొటీన్ పెరిగి ఆ లాభంలో కొంత తినేస్తుంది; మొత్తం మీద తక్కెడ గడ్డకట్టే వైపే మొగ్గుతుంది.

మింగిన మందు పేగుల నుంచి కాలేయద్వార సిర గుండా నేరుగా కాలేయానికి చేరుతుంది, కనుక మిగతా శరీరం కన్నా ముందు, ఎక్కువ మోతాదులో దాని తాకిడికి గురయ్యేది ఆ అవయవమే. నెలసరి ఆగిన స్త్రీలకు ఇచ్చే సహజ ఈస్ట్రడయోల్‌ను చర్మంపై పట్టీగా అంటిస్తే ఈ మొదటి మజిలీ తప్పిపోతుంది. ఫ్రాన్స్‌లో జరిగిన ఈస్థర్ అధ్యయనం 2007లో ప్రకటించిన ఫలితాల్లో నోటి మాత్రలతో ప్రమాదం నాలుగు రెట్లకు చేరగా, పట్టీలు, జెల్లులతో పెరుగుదల కనిపించలేదు. ఇథినైల్ ఈస్ట్రడయోల్‌ది వేరే కథ: కాలేయం దాన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేదు, కనుక దాన్ని చర్మం గుండా పంపినా ప్రభావం తప్పదు.

వాడుకలో ‘స్టెరాయిడ్లు’ అనిపించుకునే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ మరో దారి పడతాయి. ఇవి ఎనిమిదవ కారకాన్నీ పీఏఐ-1నూ పెంచి, గడ్డను కట్టడంతో పాటు కరగనివ్వకుండానూ చేస్తాయి, అందుకే ఈ మందులు అనుకరించే కార్టిసాల్ హార్మోను అతిగా ఊరే కుషింగ్ వ్యాధిలో సిరల గడ్డలు ఎక్కువ.

తెలుగు ఇళ్లలో పెళ్లికో వ్రతానికో తిరుమల యాత్రకో నెలసరిని వాయిదా వేయడానికి వాడే నోరెథిస్టెరోన్‌లో ఈస్ట్రోజెన్ లేదు కనుక ఈ చర్చ దానికి వర్తించదనుకోవడం సహజం. కాని ఒంట్లోకి వెళ్లాక దానిలో కొద్దిభాగం ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. పూటకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు వేసుకుంటే, పుట్టుకొచ్చే పరిమాణం ఒక గర్భనిరోధక మాత్రలో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది. ఆ మాత్రలు వేసుకున్న మనిషి రాత్రంతా బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు, రక్తాన్ని పైకి నెట్టవలసిన పిక్క కండరం కదలక సిరల కవాటాల వెనుక రక్తం నిలిచిపోతుంది; గడ్డ మొదలయ్యేది సాధారణంగా ఆ కవాటాల సందుల్లోనే.