మీకు తెలుసా? ఇల్లు మారిన టీ పొడి

1776లో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశాలతో తలమునకలుగా ఉన్న అమెరికా నేత జాన్ ఆడమ్స్, మసాచుసెట్స్‌లోని భార్య అబిగెయిల్‌కు ఒక పౌను గ్రీన్ టీ పంపాడు. తీసుకెళ్లిన తోటి ప్రతినిధి ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ దాన్ని పొరపాటున జాన్ దాయాది శామ్యూల్ ఆడమ్స్ భార్యకు అందించాడు. పలకరించడానికి వెళ్లిన అబిగెయిల్‌కు ఆ ఇల్లాలు, మా ఆయన పంపించాడంటూ కమ్మని టీ పెట్టింది. అది తన టీయేనని అబిగెయిల్‌కు భర్త ఉత్తరం అందాకే తెలిసింది!

అంతకు ముందు ఏడాది జూన్‌లో ఆమె గుండుసూదులు కొనుక్కురమ్మని భర్తకు రాసింది. బ్రిటన్‌తో యుద్ధం వల్ల కరవొచ్చి, ఏడున్నర షిల్లింగుల కట్ట 20 షిల్లింగులు పెడతామన్నా దొరకడం లేదట. ఈ దంపతుల ఉత్తరాలు 1,100కు పైగా నేటికీ భద్రంగా ఉన్నాయి.