302 అంటే ఇప్పుడు హత్య కాదు, తెలుసా?

302 అనగానే హత్య కేసు గుర్తొస్తోందా? సినిమాలు మనకు అలా నేర్పాయి మరి! 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష చెప్పేది 103వ సెక్షన్. మరి 302? ఎదుటివాళ్ల మతభావాలను కావాలని నొప్పించేలా మాట్లాడటం! నిన్నటిదాకా కత్తి మీదున్న నంబరు ఇప్పుడు నోటి మీదికొచ్చింది!

'వాడొట్టి ఫోర్‌ట్వంటీ' అని తిడుతుంటాం కదా? కొత్త చట్టంలో 420 లేనే లేదు! మొత్తం సెక్షన్లే 358!

ఇక ఈ మెసేజ్ ఆడపిల్లలున్న ప్రతి ఇంటి ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అత్యాచారం చేస్తాడని అనుమానం వచ్చినా చంపేయొచ్చని, అందుకు 233 అనే కొత్త చట్టం వచ్చిందని! పచ్చి అబద్ధం! పాత చట్టమైన ఐపీసీలో 233 దేని గురించో తెలుసా? దొంగ నాణేలు చేసే పనిముట్ల గురించి! అసలు నిజం ఇంకా గొప్పది. మీద పడి అత్యాచారం చేయబోతున్నవాణ్ణి అడ్డుకునే పెనుగులాటలో, వేరే దారి లేక వాడి ప్రాణం తీయాల్సి వచ్చినా, అది ఆత్మరక్షణే! ఈ హక్కు 1860 నాటి ఐపీసీ నుంచీ ఉంది! ఈ మాటే కదా గ్రూపుల్లో తిరగాల్సింది!

'యావజ్జీవమంటే 14 ఏళ్లే! పగలొక రోజు, రాత్రొక రోజు లెక్కేస్తే ఏడేళ్లకే బయటికొస్తాడు!' ఎన్నిసార్లు చదివారు ఈ వాదన? జైల్లోనూ రోజుకు 24 గంటలే! యావజ్జీవమంటే ఊపిరి ఉన్నంతకాలం! ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే తప్ప విడుదల లేదు. సుప్రీంకోర్టు ఈ మాట 1961లోనే తేల్చి చెప్పింది!

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద వింత! 'ఆ పోస్టు పెడితే ఐటీ చట్టం 66ఎ కింద లోపలేస్తారు' అని ఎవరైనా బెదిరించారా? ఆ సెక్షన్ బతికి లేదు! భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంటూ సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా ఏం జరిగిందో వినండి. ఆరేళ్ల తర్వాత కూడా 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో ఆ చచ్చిన సెక్షన్ కింద కేసులు నడుస్తూనే ఉన్నాయి! ఒకటీ రెండూ కాదు, 745! లేని చట్టం కింద జనం కోర్టు మెట్లెక్కారు! సుప్రీంకోర్టే నివ్వెరపోయింది! ఇక ఎవరినీ దాని కింద విచారించకూడదని 2022లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది!

ఇలాంటి అబద్ధం ఎంత జోరుగా పరిగెడుతుందో ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్‌లో కొలిచి చూశారు. 1,500 మందిని చేరడానికి అబద్ధం కన్నా నిజానికి ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది! రోబో ఖాతాల పని అనుకుంటున్నారా? కాదు, మనుషులే!

పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటూ 2018లో దేశమంతా తిరిగిన వీడియో గుర్తుందా? అది కరాచీలో తీసిన అవగాహన ప్రకటన! పిల్లాణ్ణి తిరిగి దింపేసే చివరి ముక్క కత్తిరించి వదిలారు! ఆ వదంతులకు దేశంలో అమాయకుల ప్రాణాలు పోయాయి.

అప్పుడు మన గద్వాలలో ఏం చేశారో తెలుసా? ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి, ఆ మెసేజ్‌లు అబద్ధమని విడమరిచి చెప్పించారు! ఆమె పరిధిలో 400కు పైగా ఊళ్లు. వదంతికి అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు!